‘మీకు తోచినంత ఇవ్వండి’ అంటే ఎంత? చిన్న జంతువుల దత్తతలో విరాళం లెక్క

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. రెస్క్యూ నుంచి, అంటే దిక్కులేని పెంపుడు జంతువులను చేరదీసి, బాగుచేసి దత్తతకిచ్చే చోటు నుంచి, రెండు ఆడ గినీ పిగ్‌లను తెచ్చుకుంటున్నారు. అందులో ఒకదానికి గజ్జి వచ్చి తగ్గింది. ఫీజు ఎంతని అడిగితే వాళ్లు ‘ఫీజంటూ ఏమీ లేదు, మీకు తోచినంత ఇవ్వండి’ అన్నారు. దుకాణంలో ఇలాంటివి రెండు కొంటే అయ్యే ధర ఇస్తే సరిపోతుందా అన్నది మొదటి ప్రశ్న. తక్కువిస్తే చిన్నచూపు చూస్తారేమో, అసలు ఎంతిస్తే మర్యాదగా ఉంటుంది అన్నది రెండోది. మొదటిది లెక్క, రెండోది మొహమాటం. లెక్క తేలితే మొహమాటం సగం దానంతటదే పోతుంది కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

నేను చాలా ఏళ్లుగా చిన్న జంతువుల రెస్క్యూలో పనిచేస్తున్నాను. కుందేళ్లు, గినీ పిగ్‌లు, హ్యామ్‌స్టర్లు, పెంపుడు ఎలుకలు మా దగ్గరికి వస్తుంటాయి. జమాఖర్చుల పుస్తకం రాసేది కూడా నేనే. అందుకని పుచ్చుకునేవాళ్ల వైపు నుంచి చెబుతున్నాను.

దుకాణం ధరను పక్కన పెట్టేయండి. అది మీకు ఏ విధంగానూ కొలత కాదు. ఇలాంటి జంతువులను చూడటం తెలిసిన వెట్ (జంతువుల డాక్టరు) ఒకసారి పరీక్ష చేసినందుకు ఎంత తీసుకుంటారో ఫోన్ చేసి కనుక్కోండి. ఎలాగూ ఆ వెట్ నంబరు మీ దగ్గర ఉండాల్సిందే, ఈ వంకతో ఆ పనీ అయిపోతుంది. ఆ కన్సల్టేషన్ ఫీజును ఒక ‘పాలు’, అంటే ఒక వాటా, అనుకోండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ జరగని, ఆరోగ్యంగా ఉన్న గినీ పిగ్‌ల జతకి రెండు పాళ్లు, దాని మీద ఒక నెల గడ్డి, తిండి ఖర్చు. ఇది నా దృష్టిలో న్యాయమైన మొత్తం. మీరు తెచ్చుకునే వాటిలో ఒకదానికి గజ్జి వైద్యం జరిగింది కాబట్టి ఇంకో పాలు కలపండి. మొత్తం మూడు పాళ్లు, నెల తిండి. చేతిలో అంత లేదా, ఒకటిన్నర ఇవ్వండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఆ మాటకు మళ్లీ వస్తాను.

దుకాణం ధర ఎందుకు కాదంటే, అది జంతువును పుట్టించడానికి అయిన ఖర్చు మీద నిలబడింది. ఆ ఖర్చు చాలా తక్కువ. గినీ పిగ్ గర్భం 59 నుంచి 72 రోజులు. ఈనిన కొన్ని గంటల్లోనే తల్లి మళ్లీ చూలు కట్టగలదు. కుందేలుకు నెల రోజులు, పెంపుడు ఎలుకకు మూడు వారాలు, సిరియన్ హ్యామ్‌స్టర్‌కైతే 16 రోజులు చాలు. ఇంత వేగంగా పుట్టేదాని ధర ఎప్పుడూ అడుగునే ఉంటుంది. రెస్క్యూ ఖర్చు పుట్టించడానిది కాదు, బాగుచేయడానిది. బాగుచేసే పనిలో జంతువు సైజును బట్టి ఏదీ తగ్గదు. 120 గ్రాముల హ్యామ్‌స్టర్‌ను చూసినా, కిలో బరువున్న గినీ పిగ్‌ను చూసినా డాక్టరు సమయం డాక్టరు సమయమే. మత్తు ఇవ్వడం చిన్న జంతువుకే ఇంకా కష్టం. దాని ఒంట్లో వేడి త్వరగా పడిపోతుంది, రక్తనాళం దొరకదు, మందు మోతాదులో చుక్క తేడా కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ‘ఇంత చిన్న ప్రాణికి ఇంత ఖర్చేమిటి’ అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. చిన్నది కాబట్టే అంత ఖర్చు.

పైగా ఏ డాక్టరు దగ్గరికి పడితే ఆ డాక్టరు దగ్గరికి వీటిని తీసుకెళ్లలేం. కుక్కలకు, పిల్లులకు మామూలుగా రాసే అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్‌కి, కుందేలుకి, హ్యామ్‌స్టర్‌కి పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయి, జంతువు ప్రాణమే పోవచ్చు. కుందేలుకి, గినీ పిగ్‌కి ఆపరేషన్ ముందు రాత్రి నుంచి పస్తు పెట్టకూడదు. అవి వాంతి చేసుకోలేవు కాబట్టి ఆ జాగ్రత్తతో పనిలేదు, పస్తుంటే మాత్రం పేగులు ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇవన్నీ తెలిసిన డాక్టర్లు తక్కువ, ఫీజు ఎక్కువ, దూరం కూడా ఎక్కువే. రెస్క్యూ పుస్తకంలో వైద్యం పద్దు ఎప్పుడూ తిండి పద్దును మించిపోయేది అందుకే.

ఇప్పుడు మీ జత సంగతికి వద్దాం. ఆ గజ్జి చాలామటుకు ట్రిక్సాకారస్ కేవియే అనే పురుగు వల్ల వస్తుంది. చర్మం కింద తొలుచుకుని ఉంటుంది. దురద ఎంత తీవ్రంగా ఉంటుందంటే కొన్ని గినీ పిగ్‌లకు మూర్ఛ వచ్చినట్టు వణుకు పుడుతుంది. ఒక్క డోసుతో తగ్గదు. మందు గుడ్లను చంపలేదు, అందుకని గుడ్లు పగిలే లెక్క చూసుకుని వారం పది రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ వేస్తారు. పక్కన ఉన్న రెండోదానికి ఏమీ కనిపించకపోయినా దానికీ వేయాలి. బోను, గుడ్డలు, గిన్నెలు అన్నీ శుభ్రం చేయాలి. కొత్తగా వచ్చిన జంతువును రెండు మూడు వారాలు వేరుగా ఉంచాలి. అంటే దానికి వేరే గది, వేరే బోను, చేతులు కడుక్కుని మరీ వెళ్లే మనిషి కావాలి. ఇదంతా జరిగిన తర్వాతే ఫోటో తీసి ‘ఇల్లు కావాలి’ అని పెడతారు. మీరు చూసింది ఆ ఫోటోని. ఆ ముందు వారాలకు ఎవరూ రశీదు రాయరు. నేను మూడో పాలు కలపమన్నది అందుకే.

విరాళం నిర్ణయించుకునే ముందు రెస్క్యూ వాళ్లను నేరుగా అడగండి: ‘వీటికి ఇప్పటిదాకా ఏం వైద్యం జరిగింది, మీకెంత ఖర్చయింది?’ ఇది మర్యాద తప్పిన ప్రశ్న కాదు. నన్నెవరైనా ఇలా అడిగితే నాకు సంతోషంగా ఉంటుంది. మంచి రెస్క్యూ అయితే తేదీలతో సహా చెబుతుంది. ఏ మందు, ఎన్ని డోసులు, వచ్చినప్పుడు బరువెంత, ఇప్పుడెంత అన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి. ఆ కాగితం మీకు విరాళం లెక్కకే కాదు, రేపు మీ వెట్‌కు చూపించడానికీ పనికొస్తుంది. అయిన ఖర్చంతా మీరే భరించాలని మాత్రం అనుకోవద్దు. ఖర్చు చాలా ఎక్కువైన జంతువు ఒకటుంటే, ఆ భారం దాన్ని ప్రేమించినవాడి మీదే పడితే ఇక దాన్నెవరూ తీసుకోరు. అందుకే రెస్క్యూలు ఖర్చును అన్నింటి మీదా పరిచి చూస్తాయి. ఆరోగ్యంగా వచ్చి ఆరోగ్యంగా వెళ్లిన జంతువు ద్వారా వచ్చిన డబ్బు పళ్ల జబ్బుతో మూల కూర్చున్న ముసలి కుందేలుకి వెళుతుంది.

ఈ పళ్ల సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు. గినీ పిగ్‌లకు, కుందేళ్లకు, చించిల్లాలకు ముందు పళ్లే కాదు, దవడ పళ్లు కూడా జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలి నమిలి అరగదీసుకోవాలి. గడ్డి లేకుండా గింజల మీద పెంచితే పళ్లు వంకరపోయి నాలుకనో బుగ్గనో కోస్తాయి. అలా వచ్చినదానికి కొన్ని వారాలకోసారి మత్తిచ్చి పళ్లు అరగదీయించాలి, అదీ బతికినన్నాళ్లు. అలాంటి జంతువుకు దత్తత దొరకడం అరుదు. రెస్క్యూలోనే ఉండిపోతుంది. ప్రతి రెస్క్యూలోనూ ఇలా ఉండిపోయేవి కొన్ని ఉంటాయి. మీ డబ్బు ‘మీ’ రెండింటికి మాత్రమే అనుకుంటే తక్కువిచ్చినా చాలనిపిస్తుంది. ఆ చోటు మొత్తానికి అనుకుంటే ఎంతిచ్చినా ఎక్కువ కాదనిపిస్తుంది. రెండూ పూర్తి నిజం కాదు. మీ జంతువుల ఖర్చు, దాని మీద వాటి తర్వాత ఆ బోనులోకి రాబోయేదానికి మొదటి పరీక్ష ఖర్చు. నేను అక్కడ గీత గీస్తాను.

జంతువును బట్టి లెక్క మారుతుంది. కుందేలైతే ఆపరేషన్ జరిగిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆపరేషన్ చేయని ఆడ కుందేళ్లకు మూడు నాలుగేళ్లు దాటాక గర్భాశయంలో కేన్సర్ రావడం బాగా ఎక్కువ. మగదానికి ఆపరేషన్ చేశాక కూడా నాలుగైదు వారాలపాటు ఆడవాటితో కలపకూడదు, ఇంకా పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది. ఆ వారాలన్నీ దాన్ని వేరుగా పెట్టి పోషించాలి. దానికి తోడు టీకా. కుందేళ్లలో రక్తస్రావంతో చంపే వైరస్ జబ్బు ఒకటుంది. 1984లో చైనాలో మొదట బయటపడింది, దాని రెండో రకం 2010లో ఫ్రాన్స్‌లో కనిపించింది. టీకా దొరికే చోట రెస్క్యూలు అది వేయించే పంపుతాయి. ఇవన్నీ అయిన కుందేలుకు కనీసం ఆపరేషన్ ఖర్చులో సగమైనా ఇవ్వండి. దుకాణం నుంచి తెచ్చుకుంటే ఆ ఆపరేషన్ మొత్తం మీ జేబులోంచే పోయేది కదా. ‘ఉచితంగా దొరికిన కుందేలు’ చివరికి అన్నిటికంటే ఖరీదైన కుందేలు అవుతుందని మా దగ్గర ఒక మాట ఉంది. అనుభవం మీద పుట్టిన మాటే.

ఆపరేషన్ అయిన మగ గినీ పిగ్‌కీ ఇదే వర్తిస్తుంది. ఒంటరిగా మిగిలిపోయిన మీ ఆడదానికి తోడుగా ఇస్తున్నారంటే, అది వాళ్లు నెలల తరబడి సిద్ధం చేసిన జంతువని తెలుసుకోండి. స్విట్జర్లాండ్‌లో 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచకూడదు. అంతటా చట్టం లేకపోయినా మంచి రెస్క్యూలన్నీ పాటించే నియమం అదే. రెండింటికీ కుదురుతుందో లేదో చూడటానికి మీ జంతువును తీసుకొచ్చి అక్కడే కలిపి చూడనిస్తారు. కుదరకపోతే ఇంకోదాన్ని చూపిస్తారు. ఒక్కోసారి ఒక పూటంతా పడుతుంది. ఈ పనికి ఎవరూ బిల్లు వేయరు గానీ విరాళంలో గుర్తుపెట్టుకోదగ్గ పని.

హ్యామ్‌స్టర్‌కి ఒక పాలు, అంటే ఒక కన్సల్టేషన్ ఫీజు ఇస్తే బాగా ఇచ్చినట్టే. దాని ఆయుష్షు రెండేళ్లకు అటూ ఇటూ. మీ దగ్గరికి వచ్చేసరికే సగం గడిచిపోయి ఉండొచ్చు. పెంపుడు ఎలుకలను ఒంటరిగా ఇవ్వరు, కనీసం రెండు ఇస్తారు. వాటికి ఊపిరితిత్తుల జబ్బు, ఆడవాటికి రొమ్ము గడ్డలు మామూలే. అందుకని ఎలుకల విషయంలో నేనిచ్చే సలహా వేరు. రెస్క్యూకు కొంచెం తక్కువిచ్చినా పర్లేదు, వైద్యానికి మీ దగ్గర డబ్బు దాచుకోండి.

ముసలి జంతువుల దగ్గర లెక్క తిరగబడుతుంది. ఆరేళ్ల గినీ పిగ్‌నో, ఎనిమిదేళ్ల కుందేలునో తీసుకుంటున్నారంటే రాబోయే ఖర్చును మీ నెత్తిన వేసుకుంటున్నారు. ఆ వయసులో రెస్క్యూ దగ్గరే ఉంటే ఆ ఖర్చు వాళ్లది. అలాంటప్పుడు నామమాత్రంగా ఇవ్వండి చాలు. చాలా రెస్క్యూలు వీటికి ఫీజు తగ్గిస్తాయి, కొన్ని పూర్తిగా తీసేస్తాయి. కొన్ని జంతువు మీ ఇంట్లో ఉన్నా వైద్యం ఖర్చు తామే పెట్టుకునే ఏర్పాటు కూడా చేస్తాయి. అలాంటి ఏర్పాటు ఉందేమో అడగడానికి సిగ్గుపడొద్దు.

ఇక ఫీజు అంటూ ఖచ్చితంగా చెప్పే చోటు వేరే సంగతి. అక్కడ అది విరాళం కాదు, షరతు. బేరం ఆడొద్దు. ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు, పదేళ్లు పెంచాల్సిన కుందేలును తీసుకుంటూ ఫీజు దగ్గర పీకులాడటం మీ గురించి రెస్క్యూకి తప్పుడు మాట చెబుతుంది. నిజంగా ఇబ్బంది ఉంటే బేరం రూపంలో కాకుండా ఉన్నదున్నట్టు చెప్పండి: ‘ఇప్పుడింత ఇవ్వగలను, మిగతాది రెండు నెలల్లో ఇస్తాను.’ చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ఫీజు ఎందుకు పెడతారన్న దాని మీద ఒక వాదన బాగా చలామణిలో ఉంది. ఉచితంగా ఇస్తే విలువ తెలియదు, సరిగా చూసుకోరు అని. నేను దీన్ని పూర్తిగా నమ్మను. 2009లో వైస్, గ్రామన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎదిగిన పెంపుడు పిల్లులను ఫీజు కట్టి తీసుకెళ్లినవాళ్లను, ఉచితంగా తీసుకెళ్లినవాళ్లను పోల్చి చూశారు. జంతువు మీద మమకారంలో తేడా కనిపించలేదు. అది పిల్లుల మీద జరిగిన పరిశీలన, కుందేళ్ల మీద కాదు. అయినా నేను చూసింది కూడా అదే. డబ్బు ప్రేమను పుట్టించదు. కానీ చిన్న జంతువుల విషయంలో ఉచితం అన్న మాటకు ఇంకో ప్రమాదం ఉంది. పాములను పెంచేవాళ్లలో కొందరు తిండి కోసం ఉచిత ఎలుకలు, హ్యామ్‌స్టర్లు, కుందేలు పిల్లలు వెతుకుతుంటారు. గుంపులు గుంపులుగా పోగేసి చూసుకోలేకపోయేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లను ఫీజు కొంతవరకు ఆపుతుంది. అంతకంటే బాగా ఆపేది రెస్క్యూ అడిగే ప్రశ్నలు, ఇల్లు చూడటం. మిమ్మల్ని బోను కొలతలు అడిగారా? ఏం తిండి పెడతారని అడిగారా? అడిగి ఉంటే మంచి చేతుల్లోనే ఉన్నారు.

అడగకపోతే ఆలోచించండి. ‘రెస్క్యూ’ అని పేరు పెట్టుకుని జంతువులను ఈనించి పిల్లలను అమ్ముకునేవాళ్లు ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. వాళ్ల దగ్గర ఎప్పుడు చూసినా పసిపిల్లలే ఉంటాయి, ముసలివి, రోగంతో ఉన్నవి ఉండవు. రంగును బట్టి, జాతిని బట్టి ‘విరాళం’ మారుతుంది. పొడుగు జుట్టుదానికి ఒక రేటు, మామూలుదానికి ఒక రేటు. వైద్యం కాగితాలు అడిగితే ‘అన్నీ బాగానే ఉన్నాయండీ’ అంటారు. ఆడ, మగ సరిగా చూసి వేరు చేయరు. గినీ పిగ్ మగపిల్లలను మూడు వారాలకే తల్లి నుంచి, అక్కచెల్లెళ్ల నుంచి వేరుచేయాలి, అప్పటికే అవి ఆడవాటిని చూలు కట్టించగలవు. ఆ సంగతి తెలియనివాళ్లు రెస్క్యూ నడపడం లేదనుకోండి. రేపు మీకు కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా అని అడగండి. ఖచ్చితంగా తీసుకుంటాం అని ఒప్పందంలో రాసిచ్చేవాళ్లకే విరాళం ఇవ్వండి. మిగతావాళ్లకు మీరిచ్చేది విరాళం కాదు, తర్వాతి ఈతకు పెట్టుబడి.

జంతువును చూడకముందే అడ్వాన్స్ పంపమంటే పంపొద్దు. డబ్బు సంస్థ ఖాతాలోకి పంపండి, రశీదు తీసుకోండి. నమోదైన సంస్థ కాకుండా ఒకరిద్దరు ఇంట్లోనే నడిపేదైతే సంస్థ ఖాతా లేకపోవచ్చు, అది తప్పేమీ కాదు. చిన్న జంతువుల రెస్క్యూలు చాలామటుకు ఎవరో ఒకరి ఖాళీ గదిలోనే నడుస్తాయి. అప్పుడు ఇంకో దారి ఉంది. వాళ్ల వెట్ క్లినిక్‌లో ఆ రెస్క్యూ పేరు మీద నేరుగా కట్టండి. అక్కడ బాకీ లేని రెస్క్యూను నేనింకా చూడలేదు. మీ డబ్బు ఎటు పోయిందో మీకు తెలుస్తుంది, వాళ్లకు నెత్తి మీద బరువు తగ్గుతుంది.

డబ్బు బదులు వస్తువులు ఇవ్వొచ్చా అని చాలామంది అడుగుతారు. ఇవ్వొచ్చు, ముందు అడిగి ఇవ్వండి. మంచి ఎండుగడ్డి ఎప్పుడైనా పనికొస్తుంది. పాత పత్రికలు, శుభ్రమైన ఫ్లీస్ దుప్పట్లు పనికొస్తాయి. మీరు చిన్నదని వద్దనుకున్న బోను మాత్రం అక్కడా వద్దు. అది చిన్నదనే కదా మీరు మార్చారు. రంగురంగుల గింజలు కలిపిన తిండి ప్యాకెట్లు, తేనె పూసిన పుల్లలు గినీ పిగ్‌లకు, కుందేళ్లకు మంచివి కావు, తెస్తే పారేయాల్సి వస్తుంది. గినీ పిగ్‌ల పెల్లెట్స్ (గుళికల్లా చేసిన తిండి) తెస్తుంటే తయారైన తేదీ చూడండి. గినీ పిగ్ మనిషిలాగే ఒంట్లో విటమిన్ సి తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. పెల్లెట్స్‌లోని ఆ విటమిన్ కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. తగ్గింపు ధరకు వచ్చిందని పాత సరుకు తెచ్చి ఇచ్చేవాళ్లు తెలియక ఇస్తారు, కానీ మాకు అది చెత్తబుట్టకే.

మరో చిన్న విన్నపం. ‘ఇది తిండికి మాత్రమే వాడండి’ అని షరతు పెట్టి ఇవ్వకండి. తిండికి డబ్బిచ్చేవాళ్లు చాలామందే దొరుకుతారు. పేరు లేని ఖర్చుకే ఎవరూ దొరకరు. కరెంటు బిల్లు, బట్టలుతికే పొడి, అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పోయే బండి ఖర్చు అలాంటివే. మీ డబ్బును వాళ్ల ఇష్టానికి వదిలేయండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. తక్కువిస్తే ఏమనుకుంటారు? ఏమీ అనుకోరు. నేను పుస్తకం రాస్తాను కాబట్టి ఎవరెంత ఇచ్చారో నాకు తెలుసు. రోజూ జంతువులను చూసుకునేవాళ్లకు తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. వాళ్లకు గుర్తుండేది వేరు. ఇంటికి తీసుకెళ్లాక మొదటి వారంలో ఫోటో పంపారా, బరువు తగ్గితే వెంటనే ఫోన్ చేశారా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి వెనకాడారా అన్నవే. ఎక్కువిస్తే మాత్రం ఒక చిక్కుంది. పెద్ద మొత్తం ఇచ్చి ‘ఇల్లు చూడటం అవసరమా’, ‘వరుసలో మా ముందున్నవాళ్ల కంటే ముందు మాకివ్వండి’ అని అడిగేవాళ్లు ఉంటారు. అప్పుడు అది విరాళంలా ఉండదు. మంచి రెస్క్యూ ఆ డబ్బు తిప్పి పంపుతుంది. మీరు ఎక్కువ ఇవ్వదలుచుకుంటే దత్తత కాగితాల మీద సంతకాలు అయ్యాక, జంతువులు ఇల్లు చేరాక పంపండి. అప్పుడు ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు.

ఎక్కువ ఇవ్వాలనుకుంటే ఒకేసారి పెద్ద మొత్తం కంటే నెలనెలా చిన్న మొత్తం మేలు. నెలకు కచ్చితంగా ఇంత వస్తుందని తెలిస్తేనే రెస్క్యూ ఇంకో జంతువును లోపలికి తీసుకోవడానికి ధైర్యం చేస్తుంది. ఎవరో ఒక గర్భంతో ఉన్న గినీ పిగ్‌ను తెచ్చి గుమ్మంలో నిలబడినప్పుడు, రెండు నెలల్లో ఒకటి కాస్తా నాలుగో అయిదో అవుతుందని తెలిసి కూడా ‘సరే’ అనాలంటే ఖాతాలో ఆ నిలకడ ఉండాలి. మూడు పాళ్లు ఒకేసారి ఇవ్వలేకపోతే మీకూ ఇదే దారి. ఒకటిన్నర ఇప్పుడివ్వండి, మిగతాది ఆరు నెలల్లో కొంచెం కొంచెంగా వెళ్లనివ్వండి.

వీటన్నిటికంటే ముందు ఇంకో లెక్క ఉంది, నిజానికి దీన్నే మొదట రాయాల్సింది. విరాళం ఇచ్చాక మీ దగ్గర వైద్యానికి ఎంత మిగులుతుంది? గినీ పిగ్ రాత్రి తినడం మానేసిందంటే తెల్లారేదాకా ఆగడానికి లేదు. కొన్ని గంటలు పేగు ఆగిపోతే గ్యాస్ పట్టి చనిపోవచ్చు. ఆ అర్ధరాత్రి ఎమర్జెన్సీ ఫీజుకి, ఆ తర్వాత చేతితో తినిపించాల్సిన రోజుల మందులకి సరిపడా డబ్బు ముందు పక్కన పెట్టండి. జతకి ఆరేడు పాళ్లు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. అది పక్కన పెట్టాక మిగిలినదాంట్లోంచే విరాళం. ఆ నిధిని ఖాళీ చేసి మాకివ్వకండి. అలా ఇచ్చినవాళ్లు ఆరు నెలలకు ‘వైద్యం చేయించలేం’ అని జంతువును తెచ్చి అప్పగిస్తారు. అప్పుడు అదే ఖర్చు మాకు రెట్టింపు అవుతుంది, ఆ జంతువు రెండోసారి ఇల్లు పోగొట్టుకుంటుంది.

అలా వెనక్కి ఇవ్వాల్సిన పరిస్థితే వస్తే ఇవ్వండి, సిగ్గుపడి ఎవరికో అంటగట్టకండి. ఎలర్జీ రావచ్చు, ఇల్లు మారవచ్చు. కానీ విరాళం తిరిగి అడగొద్దు. వచ్చిన జంతువును మళ్లీ వేరుగా ఉంచి, మళ్లీ డాక్టరుకి చూపించి, మళ్లీ ఫోటో పెట్టాలి. కుదిరితే అప్పుడు ఇంకో పాలు ఇచ్చి, వాడగా మిగిలిన మందులు, అలవాటైన తిండి, వాటి వాసన ఉన్న గుడ్డలు కూడా పంపండి. తిండి ఒక్కసారిగా మారిస్తే పేగులకు మంచిది కాదు, అందుకని ఆ సగం ప్యాకెట్ పారేయకండి.